భూమి పండుగ వేట, దుప్పి జతకట్టే కాలం

పోయిన ఏడాది భూమి పండుగకు ముందు మన సంఘం పెద్దలు, చదువుకుంటున్న పిల్లలు ఒకచోట కూర్చున్నారు. మాటల్లో మాటగా వేట సంగతి వచ్చింది. డిగ్రీ చదివే ఒక తమ్ముడు లేచి, "మన తాతలు తరతరాలుగా వేటాడారు, అయినా అడవిలో దుప్పులు ఉన్నాయి. ఇవాళ మనం విల్లు పట్టుకుంటే నేరమంటున్నారు. ఇదేం న్యాయం?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ మాటలో సగమే నిజం ఉందనిపించింది. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు పేర్ల సంగతి చూద్దాం. టీవీ వాళ్లకు కొమ్ములున్నదల్లా జింకే. మన పెద్దలకు అలా కాదు. ఒంటి మీద తెల్లచుక్కలుంటే దుప్పి. ముదురు రంగులో, చిన్న గుర్రమంత ఎత్తున్నది కణుజు. కొన్ని ఊళ్లలో దాన్నే కణితి అంటారు. కుక్క మొరిగినట్టు అరిచే చిన్నది వేరు, నాలుగు కొమ్ములది వేరు, కుందేలంత ఉండే మూషిక జింక వేరు. మెలితిరిగిన కొమ్ముల కృష్ణజింక కొండ జంతువే కాదు, బయలు నేలల్లో తిరిగేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా వరిచేలైపోయింది, అక్కడ దానికి చోటెక్కడిది? ఇక్కడ మేం చెప్పేది పాపికొండల నుంచి మారేడుమిల్లి, రంపచోడవరం దాకా, ఇవతల పోలవరం, బుట్టాయగూడెం దాకా ఉన్న అడవిలోని దుప్పి, కణుజుల కథ. జిల్లాల పేర్లు మారాయి కానీ మా నోటికి ఇంకా తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరే వస్తాయి.

భూమి పండుగ ఎప్పుడు చేస్తామో మీకు తెలుసు. విత్తనం భూమిలో వెయ్యకముందు, చైత్ర వైశాఖాల్లో, కొన్ని గూడేల్లో జ్యేష్ఠం దాకా. కోయ ఊళ్లలో విత్తనాల పండుగ అన్నా ఇదే. మగవాళ్లు విల్లంబులతో, బరిసెలతో కొండెక్కుతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకొని రేలా పాడుతూ బండ్లాపి పండుగ డబ్బులు అడుగుతారు. వేట దొరికితే ఊరంతా పంపకం, కొంత విత్తనంతో పాటు భూమితల్లికి. దొరకకుండా దిగివస్తే పేడనీళ్ల స్నానమే. పేడనీళ్లకు భయపడి చీకటి పడేదాకా ఊరి బయటే కూర్చున్న వీరుల కథలు ప్రతి గూడెంలోనూ ఉన్నాయి, ఇక్కడ వద్దు.

ఇప్పుడు అదే నెలల్లో అడవిలో ఏం జరుగుతుందో చూద్దాం. మాఘం, ఫాల్గుణం నాటికి ఆకు రాలుతుంది. చిన్న వాగులు ఎండుతాయి, ఎక్కడో ఒకచోట మడుగు మిగులుతుంది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. మనకంటే ముందే దుప్పులు ఆ చెట్టు కిందికి వస్తాయి. మన వాళ్లు మంచె కట్టిందీ అక్కడే. ఆ తర్వాత తునికాకు, అడ్డాకు, చింతపండు. పోడు నరికి కాల్చేదీ ఎండాకాలంలోనే. అంటే ఏడాది మొత్తంలో అడవిలో మనిషి ఎక్కువగా తిరిగే నెలలు ఇవే. దుప్పి ఎక్కువగా తిరిగే నెలలూ ఇవే.

ఎందుకంటే దుప్పులు ఎక్కువగా జతకట్టేది ఎండాకాలంలో. ఏడాది పొడవునా పిల్లలు కనిపిస్తాయి కనుక ఫలానా నెల అని గిరి గీయలేం. అయినా ఉధృతి మాత్రం ఇప్పుడే. జార్జి షాలర్ అనే ఆయన 1963 నుంచి 1965 వరకు మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో ఉండి దుప్పులనూ పులులనూ గమనించి 1967లో పెద్ద పుస్తకం వేశాడు. అక్కడ పోతు దుప్పుల మదం మార్చి నుంచి జూన్ మధ్యలో ఎక్కువని రాశాడు. మన పెద్దలకు పుస్తకం అక్కర్లేదు. కొమ్ముల మీది మెత్తటి తోలు ఊడి కొమ్ము గట్టిపడితే, తెల్లారగట్ల, పొద్దు గూకే వేళ పోతు బొంగురుగా అరవడం మొదలుపెడితే, అదే లెక్క. ఆ రోజుల్లో పోతు ఒక మందలో ఉండదు. ఒక మంద నుంచి ఇంకో మందకు, ఎదలో ఉన్న ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. మేత తగ్గిస్తుంది, చిక్కుతుంది, మామూలప్పటి జాగ్రత్త ఉండదు. ఏడున్నర నెలల చూలు తర్వాత పిల్ల పుడుతుంది.

కణుజు లెక్క వేరు. దాని మదం చలికాలం మొదట్లో. చూలు దాదాపు ఎనిమిది నెలలు. కాబట్టి వైశాఖంలో ఆడ కణుజు నిండు చూలుతో ఉంటుంది, లేదా అప్పుడే ఈని పిల్లను పొదలో దాచి ఉంటుంది. అంటే మన పండుగ వేట ఒకే కొండ మీద రెంటికీ తగులుతుంది, జోడు వెతుక్కునే పోతు దుప్పికీ, చూలు మోసే ఆడ కణుజుకూ. ఈ ముక్క మేం దాచిపెట్టి, మన తాతలు జంతువులు ఈనే కాలంలో వేటకు వెళ్లలేదని పోస్టర్ల మీద రాసుకుంటే అది అబద్ధమే అవుతుంది. అలాంటి పోస్టరు ఒకటి మన వాళ్లే వేశారు. దాన్ని చూసి మేం కొంచెం సిగ్గుపడ్డాం.

వేట మొదలైతే జంతువు ఎటు పోతుంది? ఈ విద్యలో మన పెద్దలను మించినవాళ్లు లేరు. మాలో ఒకరి తాత వేటకు మనుషుల్ని నిలబెట్టేవాడు. సగం మంది వరసగా నడుస్తూ డోళ్లు కొట్టి, కేకలు వేసి తోలాలి. మిగతా సగం కనుమ దగ్గర, వాగు దాటే రేవు దగ్గర గాలికి ఎదురుగా కూర్చోవాలి. దుప్పుల మంద డప్పు వినగానే కలిసికట్టుగా పరిగెత్తుతుంది, కొంత దూరం పోయి ఆగి వెనక్కి చూస్తుంది. ఆ ఆగే చోటు తెలిసినవాడే వేటగాడు. కణుజు అలా కాదు. చివరి క్షణం దాకా పొదలో కదలదు, ఆ తర్వాత పక్కకు తప్పుకొని తోలేవాళ్ల మధ్యలోంచే జారిపోతుంది. కుక్కలు మరీ తరిమితే నీళ్లలోకి దిగి నిలబడుతుంది. ఆ తాత అనేవాడు, "మొదటి రోజే ఏదో ఒకటి దొరకాలిరా. మూడో రోజుకు కొండలో మనమే మిగులుతాం."

మూడో రోజుకు అవి ఎటు పోయాయన్నదే అసలు ప్రశ్న. జంతువు రెండు రకాలుగా తప్పుకుంటుంది. ఒకటి చోటు మార్చడం. మంచి మేత, నీరు ఉన్న బయలు వదిలి, మేత లేకపోయినా దట్టంగా ఉన్న ముళ్లపొదల్లోకో, ఎత్తు కొండ మీదికో పోవడం. రెండోది వేళ మార్చడం. పగటి పని రాత్రికి వాయిదా వెయ్యడం. ఈ రెండోది ప్రపంచమంతటా జరుగుతోంది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆరు ఖండాల్లో జరిగిన 76 అధ్యయనాలను, 62 జాతుల జంతువులను కలిపి చూసింది. మనిషి అలికిడి ఉన్నచోట జంతువుల రాత్రి సంచారం సగటున 1.36 రెట్లు అయిందని తేల్చింది. వేట ఒక్కటే కాదు, ఊరికే నడిచినా, పొలం దున్నినా కూడా అవి రాత్రికి జరిగాయట. తునికాకు కోసం కొండెక్కే మన అక్కచెల్లెళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నట్టే.

మామూలు రోజుల్లో ఈ తప్పుకోవడం వల్ల పెద్ద నష్టం లేదు. అలికిడి ఆగితే కొద్ది రోజుల్లో మంద మళ్లీ పాత మడుగు దగ్గరికి వస్తుంది. జతకట్టే కాలంలోనే చిక్కు. అప్పుడు పోతుకు దాక్కోవాలనీ ఉంటుంది, తిరగాలనీ ఉంటుంది. అమెరికాలో తెల్లతోక దుప్పులు నవంబరులో జతకడతాయి, అక్కడ తుపాకీ వేటకు అనుమతిచ్చేదీ చాలా రాష్ట్రాల్లో అప్పుడే. మెడకు రేడియో పట్టీలు కట్టి చూస్తే, జతకట్టే రోజుల్లో పోతుల తిరుగుడు బాగా పెరుగుతోంది, వేటగాళ్లు ఎక్కువైన కొద్దీ పగలు గుబురుల్లోకి పోయి కదలిక రాత్రికి మారుతోంది. భయం, మదం రెండూ ఒకే ఒంట్లో గుంజుకుంటాయన్నమాట. మన కొండల్లో రాత్రి తిరిగే పోతుకు చిరుత కూడా ఎదురవుతుంది. కుదురు లేని ఆడవి పరుగులో ఒంట్లో బలం పోగొట్టుకుంటాయి. కొత్తగా ఈనిన కణుజు పొదలో దాచిన పిల్లను వదిలి పరిగెత్తితే, తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల కుక్కలపాలై ఉండొచ్చు.

ఇంకో నష్టం కంటికి కనపడదు. అరిచేది పోతు, తిరిగేది పోతు, కొమ్ములున్నదీ పోతే. కాబట్టి ఈ నెలల్లో ఎక్కువగా చచ్చేదీ అదే. నాలుగు పోతులు పోతే ఏమైంది, ఒక్కటి చాలదా అని మేమూ అనుకునేవాళ్లం. కజకిస్తాన్, రష్యా గడ్డినేలల్లో సైగా అనే జింక ఉంది. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయాక కొమ్ముల కోసం అక్కడి మగవాటిని విచ్చలవిడిగా చంపారు. మగవి మరీ తక్కువైపోయిన చోట చాలా ఆడవి చూలే కట్టలేదని 2003లో నేచర్ పత్రికలో వచ్చింది. దుప్పి, సైగా ఒకటి కావు. అయినా ఒక్కటి చాలుతుందన్న మా ధీమా ఆ సంగతి చదివాక పోయింది.

మరి ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబేమిటి? తాతలూ ఈ కాలంలోనే వేటాడితే దుప్పులు ఎందుకు మిగిలాయి? మా జవాబు చాలామందికి రుచించకపోవచ్చు. భక్తి వల్ల మిగిలాయని మేం అనుకోవడం లేదు. మనుషులు తక్కువ. విల్లుతో కొట్టాలంటే దగ్గరికి పోవాలి, ఎక్కువసార్లు గురి తప్పుతుంది. పేడనీళ్ల ఆచారమే అందుకు సాక్ష్యం, రోజూ దొరికితే ఆ శిక్ష ఎందుకు పుడుతుంది? అన్నిటికంటే ముఖ్యం, ఒక గూడెం వాళ్లు తమ కొండ దాటి పక్క గూడెం కొండకు పోయేవాళ్లు కాదు. తోలితే పారిపోయిన మందకు పక్క కొండ మీద చోటుండేది. పండుగ తేదీ ఊరూరికీ వేరు కాబట్టి అన్ని కొండలూ ఒకేరోజు మోగేవి కావు. మూడు రోజులు అలజడి, తర్వాత నెమ్మది. దుప్పిని కాపాడింది ఆ నెమ్మదే.

ఆ నెమ్మది ఎలా పోయిందో చెప్పాలంటే వందేళ్లు వెనక్కి పోవాలి. 1879లో రంపలో తమ్మన్నదొర లాంటి వాళ్లు తిరగబడింది చిగురుపన్ను మీద, మున్సబుదారు దోపిడీ మీద. ఆ తిరుగుబాటు అణిగిన కొద్ది కాలానికే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేసి, పోడు మీద, వేట మీద, ఉచ్చుల మీద ఆంక్షలు పెట్టారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన వాళ్లు నడవడానికి ఆ అడవి ఆంక్షలూ ఒక కారణం. అదే కాలంలో దొరలూ జమీందార్లూ తుపాకులతో షికారుకు వచ్చేవారు. మనకు నేరం, వాళ్లకు సరదా. ఈ కోపం ఇప్పటికీ మన మాటల్లో వినిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు.

1912లో పక్షులు, జంతువుల రక్షణ చట్టం ఒకటి చేశారు. దాని జాబితాలో జింకలూ ఉన్నాయి. ఫలానా కాలంలో వేటాడకూడదని ప్రభుత్వం ప్రకటించవచ్చు అన్నదే దాని సారం. జతకట్టే కాలంలో జంతువును వదిలెయ్యాలన్న ఆలోచన కాగితం మీదికి వచ్చిందన్నమాట. కానీ కాగితం కొండెక్కలేదు. కొండెక్కింది రోడ్డు, కలప, వెదురు కంట్రాక్టర్లు. 1941లో హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం పేరులో మన కొండలు అడవిదున్నల కొండలు. కంట్రాక్టర్ల చేతుల్లో రెడ్లు కూలీలుగా ఎలా నలిగారో అందులో ఉంది. అడవిదున్న కొమ్ములు కట్టుకొని కొమ్ము నాట్యం ఆడే మన కోయ దళాలకు ఇప్పుడు తాతల నాటి కొమ్ములే మిగిలాయి. అవి విరిగితే అతికించుకుంటున్నారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో లైసెన్సుతో కొన్ని జంతువుల్ని వేటాడే వీలు ఉంచారు. 1991 సవరణతో అదీ పోయింది. గిరిజనులకు దేశంలో ఎక్కడైనా మినహాయింపు ఉందా అంటే ఒక్క నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకే ఉంది, అదీ 1967 నాటి ప్రకటన ప్రకారం. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైమాట. 2006 అటవీ హక్కుల చట్టం మన పోడుకు పట్టా ఇచ్చింది, అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయ హక్కుల్లోంచి వేటను మాత్రం విడిగా పేరు పెట్టి తీసేసింది. అదే చట్టం 5వ సెక్షన్‌లో వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. తీసేసిన మాట మన వాళ్లందరికీ తెలుసు, ఇచ్చిన మాట ఎవరూ చదవరు.

ఇప్పటి వేట గురించి నిజం చెప్పుకుందాం. పోయిన కొన్నేళ్లలో మేం చూసినవి చెబుతున్నాం. తలకు ఎల్‌ఈడీ లైటు కట్టుకొని రాత్రిపూట వెళ్తున్నారు. పగటి భయానికి రాత్రికి జరిగిన దుప్పి ఆ వెలుతురుకు కళ్లు చెదిరి నిలబడిపోతుంది. అంటే అది తప్పించుకోవడానికి ఎంచుకున్న వేళనే మనం పట్టుకున్నాం. బైకు మీద నాలుగు గూడేల కుర్రాళ్లు ఒకే కొండకు వస్తున్నారు, హద్దు లేదు. బైకు క్లచ్చు తీగతో వేసిన ఉచ్చు పండుగ అయిపోయినా తియ్యరు. చూలు దుప్పికీ పోతుకూ అది తేడా చూడదు. అడవిపందికని వేసిన కరెంటు తీగకు దుప్పులూ, పశువులూ, మనుషులూ పోతున్నారు. మాంసం పంపకం కూడా మారింది. కొంత ఊళ్లో, మిగతాది రోడ్డు మీద ఆగే కారులోకి. భూమితల్లి వాటా ఆ కారులో ఎక్కదు కదా! కొన్నవాడు మైదానానికి వెళ్లిపోతాడు, కేసు మన పిల్లాడి మీద పడుతుంది. ఉద్యోగ పరీక్షకు చదువుతున్న ఒక పిల్లాడు అలా ఇరుక్కొని ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతున్నాడు.

పోలవరం నీళ్లు వెనక్కి తన్నడంతో నది పక్క పల్లం మునిగి, ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి. పాత రేవులు, మడుగులు మునిగాక దుప్పి ఏ దారిన దిగుతుందో పెద్దలకే అంతుపట్టడం లేదు. దారులే తెలియని చోట తోలితే అవి ఎక్కడికి పోతాయి?

జార్ఖండ్‌లోని దల్మా కొండల్లో సంతాలులు, హోలు ఎండాకాలంలోనే సెంద్రా అనే వేట పండుగ చేస్తారు. అక్కడా ఇదే పేచీ. ఆచారం ఉండాలి, రక్తం వద్దు అనే వాళ్లూ, రక్తం లేకపోతే ఆచారమే కాదు అనే వాళ్లూ. మన సంఘంలోనూ ఏకాభిప్రాయం లేదు. ఒక పెద్దాయన మా మీద కోప్పడ్డాడు, "వేట లేని భూమి పండుగ ఉప్పు లేని జావ" అన్నాడు. మేం ఆయనతో వాదించలేదు. ఒక్కటి మాత్రం అడిగాం, "మీ చిన్నప్పుడు వైశాఖంలో పొద్దున లేస్తే ఎన్ని పోతుల అరుపు వినపడేది మామా?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టి కొండల పేర్లు చెప్పాడు, ఆరు కొండలు. ఇప్పుడెన్ని అని మేం అడగలేదు.

మా ఆలోచన మీ ముందు పెడుతున్నాం. కొండెక్కడం మానొద్దు. విల్లు పట్టడం, జాడ చూడడం, గాలి వాలు కట్టడం మానితే ఆ విద్య ఒక్క తరంలో పోతుంది. అంబు మాత్రం అరటిబోదె మీద వెయ్యండి. ఏ వాగు దగ్గర ఎన్ని పోతులు అరిచాయో, కణుజు ఎక్కడ ఈనిందో రాసుకు రండి. పాత ఉచ్చు కనిపిస్తే తెంచి తెండి. గ్రామసభలో ఆ కాగితం పెడితే, అడవి గురించి మాట్లాడే హక్కు మాకుందని చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం ఉండదు.

పోయిన పండుగకు మా గూడెం కుర్రాళ్లు కొందరు అలాగే చేశారు. తెల్లవారకముందు ఎక్కి, పొద్దు గూకాక ఖాళీ చేతులతో దిగారు. రోడ్డు మీద తాడు పట్టుకున్న ఆడవాళ్లకు అది చాలు, పేడనీళ్లు సిద్ధం. ఒక కుర్రాణ్ణి వాళ్ల నాయనమ్మే పట్టుకుంది.

"ఏం తెచ్చావురా?"

"ఏం తేలేదు నాయనమ్మా. వాగు అవతల రెండు పోతులు అరిచినయ్, విన్నా."

"రెండేనా?" అని చెంబెడు పేడనీళ్లు వాడి నెత్తిన కుమ్మరించింది.